మ్యూచువల్ విడాకులు: రాసుకున్నవీ, రాయకుండా వదిలేసినవీ

2025 జులై 22న కొత్త పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. కవరు చింపి ముందు చివరి పేజీ తిప్పాను. భర్త పేరు ఉండే చోట ఏమీ లేదు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను, సంతోషమా బాధా అంటే చెప్పలేను. నేను లాయరు దగ్గరికి మొదటిసారి వెళ్లింది 2024 ఫిబ్రవరిలో. అంటే ఏడాదిన్నర పట్టింది. ఆ రోజుల్లో రాత్రిళ్లు నిద్రపట్టక ఫోనులో వెతికితే చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతుందో దొరికేది గానీ, ఏ రోజు ఎక్కడ కూర్చోవాలి, ఎంత ఖర్చవుతుంది, ఏది మర్చిపోతే తర్వాత ఏడుస్తాం అన్నది ఎవరూ చెప్పలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నా.

మా పెళ్లి 2013లో గుడివాడలో జరిగింది. ఎందుకు విడిపోయామో ఇక్కడ రాయను, అది మా ఇద్దరి విషయం, రేపు మా బాబు చదివినా ఇబ్బంది పడకూడదు. 2023 మార్చి 12న, ఆదివారం, బాబుని తీసుకుని విజయవాడ పటమటలో రెండు గదుల ఇంట్లోకి మారాను. వాడికి అప్పుడు ఏడేళ్లు. ఆ తర్వాత రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టారు. రెండోసారి ఒక పెద్దాయన "కోర్టులెందుకమ్మా, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టేయండి, విడిపోయినట్టే" అన్నారు. మా నాన్న కూడా తలూపారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ కాగితం పెట్టుకుని ఎవరైనా రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా కేసవుతుంది. మాలాంటి పెళ్లికి కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు, ఒక్కటే విడాకులు.

లాయరు మేడమ్ మొదటి రోజే ఒక మాట చెప్పారు. "పిటిషన్ నేను రెండు గంటల్లో టైపు చేయిస్తాను. కానీ రెండు నెలలు నా దగ్గరికి రాకండి. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తీయండి." హిందూ వివాహ చట్టం 13-బి కింద ఇద్దరూ ఒప్పుకుని వేయాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, మాకు అది మార్చికి పూర్తవుతుంది, ఈలోపు లెక్కలు తేల్చుకోమన్నారు. ఒక ఫారం కూడా ఇచ్చారు. 2020లో సుప్రీంకోర్టు రజనీష్, నేహా కేసులో మనోవర్తి కోసం నింపమన్న ఆస్తి అప్పుల అఫిడవిట్ అది. మ్యూచువల్‌లో దాన్ని అంతా నింపాలని లేదు. అయినా ఇద్దరూ విడివిడిగా నింపి ఒకరిది ఒకరికి చూపించుకోమన్నారు.

ఆ ఫారం నింపడమే నాకు అసలు విడాకులు. పాలవాడి బిల్లు దగ్గర నుంచి బాబు బూట్ల దాకా నెలకి ఎంతవుతుందో రాయాలి. పదేళ్ల కాపురంలో నేనెప్పుడూ మొత్తం కూడి చూడలేదు. ఆయన ఫారంలో మూడు లక్షల పర్సనల్ లోన్ ఒకటి కనిపించింది, నాకు తెలియదు. నా ఫారంలో నేను వేస్తున్న రెండు లక్షల చీటీ రాశాను, ఆయనకి తెలియదు. ఇద్దరం మేడమ్ టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని ఆ కాగితాలు మార్చుకుని చదువుతున్నప్పుడు ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నాకైతే కడుపులో దేవినట్టయింది. కానీ దాచింది రెండువైపులా ఉందని తెలిశాక, విచిత్రంగా, ఆ రోజు నుంచే మాట్లాడుకోవడం తేలికయింది.

ఆ రెండు నెలల్లో నేను చేసిన పనులు ఇవి. నా పేరున వేరే బ్యాంకులో ఖాతా తెరిచి జీతం అందులోకి మార్పించుకున్నాను. మూడేళ్ల స్టేట్‌మెంట్లు, ఇద్దరి ఫారం 16లు, ఫ్లాటు దస్తావేజు, లోన్ శాంక్షన్ లెటర్, బాబు బర్త్ సర్టిఫికెట్, అన్నీ మూడేసి జిరాక్సులు తీయించి ఒక సెట్టు తమ్ముడింట్లో పెట్టాను. మెయిల్, డిజిలాకర్ పాస్‌వర్డ్‌లు మార్చాను, ఆయన దుర్మార్గుడని కాదు, నా ఓటీపీలు ఆయన పాత నంబరుకి వెళ్తున్నాయని అప్పుడే చూశాను. ఇంకొకటి, మా పెళ్లి రిజిస్టర్ కాలేదు. అందుకని శుభలేఖ, పెళ్లి ఫోటో కావాలన్నారు. శుభలేఖ ఎవరి దగ్గరా లేదు. చివరికి అమ్మ దేవుడి గూట్లో, పాత పంచాంగం మధ్యలో దొరికింది. పసుపు మరకలు అలాగే ఉన్నాయి. అమ్మ దాన్ని నా చేతికిస్తూ "దీనికా ఇన్నాళ్లూ దాచింది" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

బంగారం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ గొడవపడేది అక్కడే. లాకరు ఇద్దరి పేరునా ఉంది. 2024 మే 2న ఇద్దరం కలిసి వెళ్లి తెరిచాం. నాతో అమ్మ, ఆయనతో అత్తయ్య. పెళ్లప్పుడు అమ్మ రాసుకున్న పొడుగు నోటుపుస్తకంలో నా వస్తువులు ముప్పై నాలుగు సవర్లు. అన్నీ మూటగట్టుకుని తెలిసిన కొట్టుకి వెళ్లి తూకం వేయిస్తే ఇరవై ఎనిమిదే వచ్చాయి. తేడా ఆరు సవర్ల నాలుగు గాజులు, 2017లో ఫ్లాటు అడ్వాన్సు కోసం అమ్మేశాం. నేను మర్చిపోయాను, అమ్మ పుస్తకంలో తేదీతో ఉంది. అప్పుడు వచ్చింది లక్షా ముప్పై వేలు, అదే ఆరు సవర్లు 2024 మే రేటుకి మూడు లక్షలు దాటింది. ఏ రేటు లెక్కవేయాలన్నదాని మీద వారం రోజులు మెసేజీలు నడిచాయి. చివరికి ఆయనే ఆ 2024 రేటుకి ఒప్పుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఆయనకి నేను రుణపడ్డాను.

కొట్లో కుర్రాడు ఒక్కో వస్తువూ తూచి రాళ్ల బరువు తీసేసి కాగితం మీద వేస్తున్నాడు. గొలుసులు, హారం, ఉంగరాలు అన్నీ అయ్యాక మంగళసూత్రం చేతిలోకి తీసుకుని ఆగాడు. "ఇవి కూడా తూయమంటారా అమ్మా?" అన్నాడు. పుట్టింటి పుస్తె ఒకటి, అత్తింటి పుస్తె ఒకటి, మధ్యలో నల్లపూసలు. కొట్లో ఎవరూ మాట్లాడలేదు. నేనే తూయమన్నాను. రెండూ కలిపి నాలుగు గ్రాములకు కాస్త పైన చూపించింది. పెళ్లిలో ఎవరు పెట్టిందైనా అమ్మాయికి ఇచ్చింది స్త్రీధనమే, అన్నీ మీవేనని మేడమ్ ముందే చెప్పారు. అయినా అత్తింటి పుస్తె తీసి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ తీసుకోలేదు. "బాబు పెళ్లికి కరిగించి వాడి భార్యకేదైనా చేయించు" అన్నారు, అని బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. లిస్టులో అది పద్నాలుగో వస్తువు. నలుగురం కింద సంతకాలు పెట్టాం.

ఒప్పందం రాయడానికి మూడు సిట్టింగులు పట్టింది. పోరంకిలో ఫ్లాటు విలువ యాభై రెండు లక్షలు అనుకున్నాం, అప్పు ఇంకా ఇరవై మూడు ఉంది. ఫ్లాటు, అప్పు ఆయనవి. నాకు గాజుల లెక్కతో కలిపి పదహారు లక్షలు, నాలుగు సంతకాల రోజు, పన్నెండు చివరి రోజు డీడీగా. నా మనోవర్తి వదులుకున్నాను, ఉద్యోగం ఉంది కాబట్టి. బాబు ఖర్చు మాత్రం నేను వదులుకుంటానని రాసినా చెల్లదు, అది వాడి హక్కు అన్నారు మేడమ్. నెలకి పదిహేను వేలు, రెండేళ్లకోసారి పది శాతం పెంపు. బాబు నా దగ్గర, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం నాన్న దగ్గర, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో సగం సగం. ఆ కాగితం ఆయన తన తరఫున వేరే లాయరుకి ఐదు వేలు ఇచ్చి చదివించుకున్నారు. నాకు ముందు కోపం వచ్చింది, అనుమానమా అని. ఇప్పుడు అనిపిస్తుంది, అది మంచి పని. అలా చదివించుకున్నారు కాబట్టే తర్వాత ఎప్పుడూ "నన్ను మోసం చేశారు" అనలేదు.

2024 జూన్ 14న విజయవాడలోనే వేశాం. గుడివాడలో వేయొచ్చు, పెళ్లి జరిగింది అక్కడే కాబట్టి, కానీ అక్కడ కోర్టు ముందు టీ తాగేవాళ్లలో సగంమంది మా చుట్టాలే. వేసిన వారానికి, తప్పు సరిచేసి తెమ్మని పిటిషన్ రిటర్న్ వచ్చింది. శుభలేఖలో నాది జాతకం పేరు, ఆధార్‌లో స్కూల్ పేరు. "అలియాస్" అని చేర్చి, రెండూ నేనేనని ఒక అఫిడవిట్ పెట్టి మళ్లీ ప్రజెంట్ చేస్తే జులై 5న కేసు నంబరు పడింది. నంబరు పడగానే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పెట్టుకుంటే వాయిదా ఎప్పుడో మనకే తెలుస్తుంది, ప్రతిసారీ ప్లీడరు గుమాస్తాకి ఫోన్ చేయక్కర్లేదు.

జులై 22న మొదటిసారి కోర్టు మెట్లెక్కాను. పదిన్నరకి రమ్మంటే పదికే వెళ్లాను. మా పేర్లు పిలిచింది మధ్యాహ్నం పన్నెండు ముప్పావుకి. జడ్జిగారు మమ్మల్ని చూసి రెండు నిమిషాల్లో కౌన్సెలింగుకి పంపారు. సినిమాల్లోలా బోను, వాదన ఏమీ లేవు. వరండాలో బెంచీల మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న అమ్మాయిలు, వాళ్లకి ఎదురుగా గోడకానుకుని నిలబడ్డ అబ్బాయిలు, ఎవరూ ఎవరి మొహం చూడరు. ఆ బెంచీ మీద కూర్చున్న ఆ రెండుమూడు గంటలే నాకు అన్నిటికన్నా కష్టమైన సమయం. నీళ్ల సీసా, ఏదైనా తినడానికి తీసుకెళ్లండి, లోపల ఫోను సైలెంట్‌లో పెట్టండి. తాళి వేసుకుని వెళ్లాలా వద్దా అని ముందు రాత్రంతా ఆలోచించాను. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు.

కౌన్సెలింగు రెండుసార్లు, ఆగస్టు 5, ఆగస్టు 28. ఒక పెద్దావిడ, ముందు విడివిడిగా, తర్వాత కలిపి మాట్లాడారు. మళ్లీ కలిసి ఉండమని ఒత్తిడి చేస్తారని భయపడ్డాను. ఆవిడ అడిగింది వేరే. "బాబుకి ఏమని చెప్పారు?" ఇద్దరం చెప్పింది వేరువేరుగా ఉంది. నేను "నాన్నకి ఆఫీసు దూరం" అన్నాను, ఆయన "అమ్మకి కొంచెం కోపం వచ్చింది" అన్నారు. అక్కడే కూర్చోబెట్టి ఇద్దరూ ఒకే మాట చెప్పేలా ఒక వాక్యం అనుకోమన్నారు. "అమ్మా నాన్నా వేరు వేరు ఇళ్లల్లో ఉంటారు, నీకు ఇద్దరమూ ఉంటాం, ఇందులో నీ తప్పేం లేదు." ఆ ఆదివారం ఇద్దరం కలిసి చెప్పాం. వాడు విని "మరి నా సైకిల్ ఏ ఇంట్లో ఉంటుంది?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు, ఒప్పందంలో సైకిల్ రాయలేదు. ఆ నెల జీతం రాగానే ఆయన ఇంకో సైకిల్ కొన్నారు.

ఇక, విడాకులు ఇచ్చేముందు ఇద్దరూ ఆలోచించుకోమని చట్టం పెట్టిన ఆరు నెలల గడువు. అది పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్క. 2017లో సుప్రీంకోర్టు ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదంది కాబట్టి మినహాయించమని అడగొచ్చని నేను చదివాను. మేడమ్‌ని అడిగితే, ఆ తీర్పు ప్రకారం వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, మీకు పదిహేను నెలలే అన్నారు. మూడు నెలలు ఆగి సెప్టెంబరులో వేసి, మినహాయింపు అడిగి, కోర్టు ఒప్పుకుని ఉంటే బహుశా నవంబరుకే అయిపోయేది. ఇది ముందే అడగాల్సింది. మీరు విడిగా ఉండి ఏడాది దాటి ఏడాదిన్నరకి దగ్గర్లో ఉంటే ఈ లెక్క తప్పకుండా మీ లాయరుతో మాట్లాడండి.

ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పగలు ఆఫీసు, బాబు. రెండో, నాలుగో ఆదివారాలు మాత్రం ఇల్లు ఒక్కసారిగా ఖాళీ. వాడు అలా వెళ్లిన తొలిసారి ఇద్దరికి సరిపడా అన్నం వండేశాను. దీపావళి తర్వాత ఒక రాత్రి ఆయన ఫోన్ చేసి "మనం తొందరపడ్డామేమో" అన్నారు. నేను గంటసేపు ఏడ్చాను. మర్నాడు పొద్దున మళ్లీ మాట్లాడుకుంటే ఇద్దరికీ తెలిసింది, మేం మిస్సవుతున్నది ఒకరినొకరు కాదు, పండగ రోజు నిండుగా ఉండే ఇంటిని. ఆ గడువు ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు అర్థమైంది. నిద్ర లేక నవంబరులో డాక్టరు దగ్గరికి వెళ్లాను, మూడు నెలలు మందు వాడాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇంకా ముందే వెళ్లాల్సింది.

రెండో మోషన్, అంటే గడువు అయ్యాక ఇద్దరూ మళ్లీ కోర్టుకి వచ్చి విడాకులు కావాలని చెప్పడం, డిసెంబరు 20కి వచ్చింది. ఆ రోజు జడ్జిగారు సెలవు. జనవరి 6కి వేశారు. ఆ రోజు ఇద్దరి చీఫ్ అఫిడవిట్లు, అంటే రాతలో ఇచ్చే వాంగ్మూలాలు, ఫైల్ చేసి, ప్రమాణం చేయించి, "ఎవరైనా బలవంతం చేశారా? ఆలోచించుకున్నారా?" అని విడివిడిగా అడిగారు. సాక్ష్యాలకి గుర్తులు వేశారు, శుభలేఖ ఏ1, ఫోటో ఏ2, ఒప్పందం ఏ3. పసుపు మరకల మీద కోర్టు స్టాంపు పడింది. సంక్రాంతి సెలవులు అయ్యాక, 2025 జనవరి 24న ఆర్డరు. పన్నెండు లక్షల డీడీ జడ్జిగారి ముందే నా చేతికిచ్చారు, అందినట్టు రాయించుకున్నారు. డీడీ మీద మన పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉందో లేదో ముందు రోజే వాట్సాప్‌లో ఫోటో తెప్పించుకుని చూసుకోండి, నాది ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంటే అప్పటికప్పుడు మార్పించారు. మొత్తం పది నిమిషాలు. బయటికొచ్చాక ఆయన "బాబుకి జ్వరం తగ్గిందా?" అన్నారు. తగ్గిందన్నాను. బండి తీసుకుని వెళ్లిపోయారు.

అంతా అయిపోయిందనుకున్నాను. కోర్టు ముద్రతో ఇచ్చే తీర్పు సర్టిఫైడ్ కాపీ రావడానికే నెల పట్టింది. కాపీ అప్లికేషన్ పెట్టాక, ఎన్ని స్టాంపులు కట్టాలో బోర్డు మీద లిస్టు పెడతారు, గడువులోగా కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. ఆ బోర్డు ఎవరో ఒకరు చూస్తారులే అనుకుని మొదటిసారి పోగొట్టుకున్నాను. రెండోసారి నేనే రోజు విడిచి రోజు వెళ్లి చూసుకుని ఫిబ్రవరి 25న తీసుకున్నాను. మూడు కాపీలు తీసుకోండి. బ్యాంకుకి ఒకటి, పాస్‌పోర్టుకి ఒకటి, మన దగ్గర ఒకటి.

అసలు దెబ్బ బ్యాంకులో తగిలింది. డిక్రీలో అప్పు ఆయనదే అని స్పష్టంగా ఉంది. మేనేజరు గారు చదివి "ఈ తీర్పులో మేం పార్టీ కాదమ్మా. మాకు ఇద్దరూ సంతకం పెట్టారు, ఆయన ఒక్కరి జీతం మీద లోన్ సరిపోతుందని తేలేదాకా మీరూ బాధ్యులే" అన్నారు. ఆయన ఒక్కరి జీతానికి వచ్చే లోన్ మిగిలిన అప్పుకి లక్షన్నర తక్కువ పడింది, అది కట్టి, కాగితాలన్నీ పెట్టి, నా పేరు తీయడానికి జూన్ నెలాఖరు అయింది. మధ్యలో మే నెల ఈఎంఐ ఆయన ఖాతా మార్పులో తప్పిపోతే నా సిబిల్ స్కోరు పడిపోయింది. ఫ్లాటులో నా వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయాలి, ఆ స్టాంపు డ్యూటీ ఎవరు కట్టాలో రాసుకోలేదు, దాని మీద మళ్లీ వారం. సగం సగం కట్టాం.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. నేను ఇన్నాళ్లూ ఆయన ఆఫీసు హెల్త్ పాలసీలో భార్యగా ఉన్నాను. డిక్రీతో అది పోయింది. సొంతంగా తీసుకుంటే నా థైరాయిడ్‌కి మూడేళ్ల వెయిటింగ్ పడింది, అంటే అన్నాళ్లూ దానికి క్లెయిమ్ రాదు. కోర్టులో వేయకముందే సొంత పాలసీ తీసుకుని ఉంటే ఏడాది పైగా అందులో గడిచిపోయేది. ఎల్ఐసీలో, పీఎఫ్‌లో నామినీగా ఇంకా ఆయన పేరే ఉంది, వాటిని మార్చి బాబు పేరు, గార్డియన్‌గా తమ్ముడి పేరు పెట్టాను.

మొత్తం నాకైన ఖర్చు: లాయరు ఫీజు నలభై వేలలో నా సగం ఇరవై వేలు, టైపింగు, నోటరీ, జిరాక్సులు, కాపీలు కలిపి దాదాపు నాలుగు వేలు, రిజిస్ట్రేషన్‌లో నా వాటా, ఆఫీసుకి పదకొండు సెలవులు.

కాగితం మీద రాసుకున్న ఏ విషయంలోనూ మాకు ఇప్పటిదాకా గొడవ రాలేదు. ప్రతి నెలా ఐదో తేదీకి పదిహేను వేలు పడుతున్నాయి, ఆదివారాలు తప్పలేదు. గొడవలన్నీ రాయనివాటి మీదే. స్కూల్ ఫీజు సగం సగం అని రాశాం, బస్సు ఫీజు, పుస్తకాలు, ట్యూషన్ రాయలేదు. జూన్‌లో బస్సుకే ఇరవై ఆరు వేలు అడిగారు. బాబుకి పన్ను విరిగితే ఆస్పత్రి బిల్లు ఎవరిదో తెలియక రెండు రోజులు ఒకరికొకరు మెసేజీలు పెట్టుకున్నాం, వాడు పక్కనే దవడ పట్టుకుని కూర్చున్నాడు. ఆ రెండు రోజుల గురించి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

మేడమ్‌ని అడిగితే, పిల్లల విషయంలో డిక్రీ అయ్యాక కూడా హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుని అడగొచ్చు, కానీ ముందు మీరిద్దరూ కూర్చుని ఇంకో కాగితం రాసుకోండి అన్నారు. రాయడం మొదలుపెట్టాను. బస్సు, పుస్తకాలు, పళ్లు, కళ్లజోడు, పదో తరగతి ట్యూషన్, పాస్‌పోర్టు సంతకాలు, సైకిల్ రిపేరు. ఆయనకి పంపితే రెండు చేర్చారు, ఒకటి కొట్టేశారు. ఈ నాలుగో ఆదివారం బాబుని దింపడానికి వచ్చినప్పుడు సంతకం పెడతానన్నారు.